మృగశిర దాకా ఆగండి

పూల విత్తనాల ప్యాకెట్ వెనక ఒక సలహా దాదాపు తప్పకుండా ఉంటుంది: రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగిలే చోట విత్తుకోండి అని. ఆ సలహా రాసినాయనది ఏ ఊరో గానీ, కొత్తగూడెం మాత్రం అయి ఉండదు. మా వైపు మే నెలలో ఆ ఆరు గంటల ఎండా మధ్యాహ్నం అన్నానికి కూర్చునేలోపే కోటా పూర్తి చేసుకుంటుంది. చెయ్యి కడుక్కుని లేచాక అసలు ఎండ మొదలవుతుంది. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా సుమారు 120 కిలోమీటర్ల దారి. వేసవిలో ఆ దారి పొడుగునా ఎక్కడ 45 డిగ్రీలు దాటిందని చెప్పినా ఎవరూ కనుబొమలు ఎగరెయ్యరు. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయన్న సామెత వేరే చోట చమత్కారం, ఇక్కడ వాతావరణ సూచన.

అయినా మా వాళ్లకు పూల పిచ్చి తగ్గదు. శివరాత్రి దాటిందంటే చాలు, నర్సరీల దగ్గర ఒకటే మాట: "ఎండకు తట్టుకునే పూల మొక్క ఏదన్నా ఉంటే చూడండి." నర్సరీ ఆయన ఏదో ఒకటి చేతిలో పెడతాడు. పాపం ఆయనైనా ఏం చేస్తాడు, మనం అడిగిందే అలా ఉంది. ఏది అని అడుగుతాం, ఎప్పుడు అని అడగం. ఈ నేల మీద పూసే మొక్కల్ని చూసిన కొద్దీ నాకు రెండో ప్రశ్నే అసలుదని గట్టిపడుతోంది. ఇక్కడి పూలన్నీ ఎండతో బతుకుతున్నది కాలజ్ఞానంతో. ఎప్పుడు కనబడాలి, ఎప్పుడు కనబడకూడదు అన్నది వాటికి తెలుసు. మనకే సరిగ్గా తెలియదు.

కిన్నెరసాని వైపు అడవిలోకి ఫిబ్రవరి చివర్లో వెళ్లి చూడండి. మోదుగ చెట్టు ఒంటి మీద ఆకు ఉండదు, కొమ్మ కొమ్మకూ ఎర్రటి పువ్వే. ఆకంటే నీళ్ల ఖర్చు. పగలంతా ఆకుల రంధ్రాల్లోంచి నీరు ఆవిరైపోతూనే ఉంటుంది. ఆకు రాల్చేస్తే ఆ ఖర్చు ఆగుతుంది. ఆకుల మరుగు లేకపోతే పువ్వు దూరానికి కూడా కనబడుతుంది, తేనె కోసం పిట్టలు వెతుక్కుంటూ వస్తాయి. వాటి ముక్కులకు అంటుకున్న పుప్పొడి చెట్టు నుంచి చెట్టుకు చేరుతుంది. కాయ ఎండి పల్చటి రేకులా మారి, చివర ఒకే ఒక్క గింజతో గాలికి ఎగిరి పడేసరికి తొలకరి దగ్గరపడుతుంది. మనం "మండుటెండలో పూసింది" అని మురిసిపోయే చెట్టు లెక్కంతా జూన్ వానకు గింజను సిద్ధంగా ఉంచడం.

ఇప్పది ఇంకో లెక్క. అది పూసేదీ మార్చి, ఏప్రిల్ ఎండల్లోనే. కానీ పువ్వు విచ్చుకునేది రాత్రి, రాలేది తెల్లవారుజామున. ఎండెక్కేలోపు కోయ కుటుంబాలు గంపలతో వచ్చి ఏరుకుపోతాయి. చిన్న పూల మొక్కలకూ ఇలాంటి గడియారాలున్నాయి. గడ్డి గులాబీ పొద్దెక్కాక విచ్చుకుని మధ్యాహ్నం ముడుచుకుంటుంది. చంద్రకాంత సాయంత్రం నాలుగు దాటితే గానీ తలుపు తియ్యదు. పైగా దానికి నేలలో దుంప ఉంటుంది. పైన కాడ మాడిపోయినా కింద దుంప బతికే ఉండి వానకు మళ్లీ లేస్తుంది.

మరి గునుగు, బంతి, కోడిజుట్టు పువ్వు మాటేమిటి? ఇవి ఎండాకాలంలో ఎలా బతుకుతాయి? జవాబు సులువు: ఉండవు. వానకు మొలిచి, బతుకమ్మ నాటికి పూసి, గింజ రాల్చి వెళ్లిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో గునుగు మొక్క మొత్తం, వేరూ ఆకూ పువ్వూ రంగూ సహా, ఆవగింజంత కూడా లేని నల్లటి గింజలో దాక్కుని ఉంటుంది. చేలో గునుగు ఎవరూ విత్తరు. పత్తిలోనూ జొన్నలోనూ కలుపై మొలిచి, కలుపు మందుల్ని తప్పించుకున్నంత మేర పూసి, బతుకమ్మలో వెండి రంగు వరసై కూర్చుంటుంది. మనమంతా ఎండకు తట్టుకునే మొక్క అంటే ఎండలో నిలబడే మొక్క అనుకుంటాం. ఎండకు చిక్కనిది కూడా ఎండను గెలిచినట్టే.

గింజ ఎండను ఎలా ఓర్చుకుంటుందన్నది సరిగ్గా అర్థమైతే తోటపనిలో సగం తప్పులు తగ్గుతాయి. బాగా ఎండిన గింజలో తేమ దాని బరువులో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ స్థితిలో లోపలి పనులన్నీ దాదాపు ఆగిపోయి ఉంటాయి కాబట్టి నేల కాలిపోతున్నా గింజకు పెద్దగా పట్టదు. అదే గింజ నీళ్లు తాగి ఉబ్బిందా, ఇక అది విత్తనం కాదు, పసిబిడ్డ. అప్పుడు అదే వేడి దాన్ని చంపేస్తుంది. ఈ రహస్యాన్ని రైతులు ఆయుధంగానే వాడతారు. వేసవిలో నారుమడిని బాగా తడిపి, పైన పారదర్శకమైన పాలిథిన్ పట్టా కప్పి కొన్ని వారాలు వదిలేస్తే కలుపు గింజలూ, తెగుళ్ల శిలీంధ్రాలూ ఉడికి పోతాయి. ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు 1976లో లోకానికి చెప్పిన పద్ధతి ఇది. తడపడమే అందులో కీలకం. పొడి నేలలో అదే వేడి అంత పని చెయ్యదు. ఏప్రిల్‌లో ఇష్టంగా బంతి గింజలు చల్లి, పొద్దునా సాయంత్రమూ ప్రేమగా నీళ్లు పోసేవారు తెలియకుండా చేస్తున్నది సరిగ్గా ఇదే పని. పట్టా ఒక్కటే తక్కువ.

మా పక్కింటి అవ్వకు ఇజ్రాయెల్ సంగతి తెలియదు. "ఇప్పుడెందుకు బిడ్డా, మృగశిర రానీ. ఇప్పుడేస్తే ఉడికి చస్తయ్" అంటుంది. దసరాకు గుమ్మానికి కట్టిన బంతి దండను ఆవిడ పారెయ్యదు. అక్కడే ఎండనిచ్చి, తీసి, పాత గుడ్డలో మూట కట్టి చూరుకు వేలాడదీస్తుంది. జూన్ రెండో వారంలో మంచి వాన పడి నేల పదునెక్కాక మూట విప్పి, ఎండిన పూలను అరచేతుల్లో నలిపి, పెరట్లో చల్లేస్తుంది. ఆవిడ విత్తనాల కొట్టు, గోదాము, క్యాలెండరు అన్నీ గుమ్మం చుట్టుపక్కలే. జూన్‌లో విత్తిన బంతి రెండు నెలలు దాటేసరికి మొగ్గ తొడుగుతుంది. బతుకమ్మకు లెక్క సరిపోతుంది.

కుండీల్లో పెంచేవారికి అదే లెక్కను కాస్త వివరంగా చెప్పుకోవచ్చు. చెరువు మట్టి, మాగిన పశువుల ఎరువు, ఇసుక కలిపి గుల్లగా ఉండే మట్టి కావాలి. బంతి గింజను పల్చగా మట్టితో కప్పాలి. గడ్డి గులాబీ గింజ ఇసుక రేణువంత ఉంటుంది, మొలవడానికి దానికి వెలుగు కావాలి, కాబట్టి కప్పకుండా పైన చల్లి మెల్లగా అదిమితే చాలు. బంతి మడి మీద తడిపిన గోనె పట్టా వేసి, మొలక తల ఎత్తగానే తీసెయ్యాలి. ఒక్క పూట ఆలస్యమైనా మొలకలు పాలిపోయి సాగిపోతాయి. నారు రెండు మూడు వారాలు షేడ్ నెట్ కిందో, తాటాకు పందిరి కిందో పెరగాలి. సాయంత్రం పూట నాటాలి. చీమలు గింజలు ఎత్తుకుపోకుండా చుట్టూ బూడిద చల్లాలి. ఇంతకుమించి బ్రహ్మవిద్య లేదు.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. మన పండుగలకు ఆనవాలు అనుకునే పూలలో చాలావాటి పుట్టిల్లు సముద్రాల అవతల ఉంది. బంతి మెక్సికో ప్రాంతానిది. బొగడబంతి మధ్య అమెరికాది. గడ్డి గులాబీ దక్షిణ అమెరికాది. బిళ్ళ గన్నేరు మడగాస్కర్‌ది. పసుపు, నారింజ రంగుల్లో రోడ్ల పక్కన తనంతట తాను మొలుస్తున్న కాస్మోస్ కూడా మెక్సికోదే. ఇవన్నీ ఇక్కడ కుదురుకున్నాయంటే మన ఎండ వాటికి కొత్త కాదు. గడ్డి గులాబీకి, బొగడబంతికి ఆకులోనే ఒక ఏర్పాటు ఉంది. వేడి పెరిగినప్పుడు మామూలు మొక్కల్లో కిరణజన్య సంయోగక్రియ దారి తప్పుతుంది. బొగ్గుపులుసు వాయువును పట్టుకోవాల్సిన ఎంజైము పొరపాటున ఆక్సిజన్‌ను పట్టుకుని శక్తి వృథా చేస్తుంది. ఈ రెండు మొక్కలూ జొన్న, మొక్కజొన్నల్లాగే ఆ వాయువును ముందుగా ఒకచోట పోగుచేసి ఎంజైముకు అందిస్తాయి, అందుకే పొరపాటు తక్కువ. గడ్డి గులాబీ ఇంకో అడుగు ముందుంది. నీళ్లు మరీ కరువైతే ఆకు రంధ్రాలను పగలు మూసేసి, రాత్రి చల్లదనంలో తెరిచి వాయువును దాచుకుంటుంది. ఇదీ మళ్లీ వేళ చూసుకోవడమే. ఎండాకాలంలో కుండీలో ఏదో ఒక పువ్వు ఉండి తీరాలని పట్టుబట్టేవారికి నేను పేరు చెప్పేది ఈ గడ్డి గులాబీదే. దాన్ని కూడా ఫిబ్రవరిలో విత్తి, ఎండలు ముదిరే లోపు వేరు పట్టనివ్వాలి.

బంతికి ఈ ఏర్పాటు లేదు. నీళ్లు పోసి నిలబెడితే ఏప్రిల్‌లో కూడా బంతి మొక్క పచ్చగానే ఉంటుంది, పూలు మాత్రం చిన్నవై, అరకొరగా పూస్తాయి. మొక్క మొత్తంలో వేడికి ముందు లొంగిపోయేది పువ్వు, అందులోనూ పుప్పొడి. ఖమ్మం మార్కెట్‌కు తేజ మిర్చి పంపే రైతును అడగండి, ఎండ దెబ్బకు పూత ఎలా రాలిపోతుందో ఆయన చెబుతాడు. ఆకు పచ్చగా ఉంటే చాలు, మొక్క బాగున్నట్టే అనుకుంటాం. గింజ కట్టిందా లేదా అన్నదే దాని అసలు ఆరోగ్యం.

గింజల్లోనూ అన్నిటికీ ఒకే ఓపిక ఉండదు. ఇప్ప గింజను పట్టుకుని వచ్చే ఏడు విత్తుదాం అంటే కుదరదు. నూనె నిండిన ఆ గింజ ఆరిపోతే చచ్చిపోతుంది. రాలిన కొద్ది వారాల్లోనే మట్టిలో పడాలి. రేల గింజ దానికి పూర్తిగా ఎదురు. ఈ ఏడు పూసిన పువ్వు మూరెడు కాయై, ముదిరి నల్లబడేసరికి మళ్లీ పూత కాలం వచ్చేస్తుంది. ఆ కాయలో అరకు ఒకటి చొప్పున ఉండే గింజల పెంకు ఎంత గట్టిదంటే నీళ్లు చొరవు. అడవిలో ఎలుగుబంట్లు కాయ గుజ్జు కోసం తిని, గింజల్ని తమ పేడతో దూరాన వదిలిపోతాయి. మనం చేస్తే, గింజ అంచును గరుకు రాయి మీద రుద్దాలి, లేదా మరిగించి దించిన నీళ్లలో వేసి రాత్రంతా నానబెట్టాలి. తంగేడుకూ ఇదే పద్ధతి. తెలంగాణ రాష్ట్ర పుష్పంగా 2014లో గౌరవం దక్కినా తంగేడును విత్తి పెంచేవారు తక్కువే, బీడు భూముల్లో అదే పూస్తుందన్న ధీమా. తంగేడు జాతికే చెందిన ఒక మొక్క గింజలు పారిస్ మ్యూజియంలో 158 ఏళ్లు పడి ఉన్నాక కూడా మొలిచాయని పాల్ బెకెరెల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1934లో ప్రకటించాడు. ఫ్రెంచి విప్లవానికి ముందు పట్టిన గింజ అది.

గట్టి పెంకు ఇచ్చేది దీర్ఘాయువు ఒక్కటే అనుకోకూడదు. మా దగ్గర తొలకరి తరచూ మోసం చేస్తుంది. జూన్‌లో ఒక మంచి వాన పడి, ఆ తర్వాత మూడు వారాలు మబ్బు మొహం చాటేస్తుంది. మొదటి వానకే గింజలన్నీ మొలిస్తే ఆ ఎడంలో అన్నీ మాడిపోతాయి, వంశమే పోతుంది. తంగేడు అలాంటి తప్పు చెయ్యదు. కొన్ని గింజలు మొదటి వానకు లేస్తాయి, కొన్ని రెండో దానికి, కొన్ని పెంకు ఇంకా అరగలేదని వచ్చే ఏటికి వాయిదా వేసుకుంటాయి. ప్యాకెట్‌లో కొన్న హైబ్రిడ్ బంతి గింజలకు ఈ ముందుచూపు ఉండదు. చల్లినవన్నీ వారం లోపే ఒక్కసారిగా మొలవాలని మనమే ఏరి ఏరి అలా తయారు చేసుకున్నాం. నర్సరీకి అది సుగుణం, మోసపు తొలకరిలో అదే శాపం.

ఈ మాట అనుకున్నప్పుడల్లా నాకు జామాయిల్ తోటలు గుర్తుకొస్తాయి. సారపాక కాగితం మిల్లు పుణ్యమా అని భద్రాచలం క్లోన్లు పక్క రాష్ట్రాల రైతులకు కూడా తెలిసిన పేరు. కొమ్మ ముక్కల నుంచి పెంచిన ఆ మొక్కలు అన్నీ ఒకే ఎత్తు, ఒకే లావు, ఒకే గుణం. గుజ్జు కోసం పెంచేవారికి అదే కావాలి, దాన్ని తప్పుపట్టను. కానీ రేపటి వేసవి నిన్నటి వేసవిలా ఉండదని తెలిసినప్పుడు, ఒకేలాంటి వంద మొక్కల కన్నా వేర్వేరు గుణాలున్న వంద గింజలే నాకు ధైర్యమిస్తాయి. గింజ నుంచి వచ్చే ప్రతి మొక్కా కొత్త ప్రయత్నం. అందుకే విత్తనం పట్టేటప్పుడు పువ్వు సైజు చూసి మురిసిపోకూడదు. అక్టోబరు మండుటెండలోనూ వాడకుండా చివరి దాకా పూసిన మొక్క ఏదో గుర్తుపెట్టుకుని, దారం కట్టి, దాని గింజే దాచాలి. హైబ్రిడ్ గింజ నుంచి పట్టిన విత్తనం తల్లి గుణం నిలుపుకోదు కాబట్టి నాటు బంతితోనే ఈ పని మొదలుపెట్టాలి. ఏటేటా అలా ఏరుతూ పోతే ఆ పెరటికి అలవాటైన బంతి అక్కడే తయారవుతుంది. దాన్ని ఏ కంపెనీ అమ్మలేదు.

దాచడంలోనూ ఒక లెక్కుంది. జేమ్స్ హారింగ్టన్ అనే అమెరికా విత్తన శాస్త్రజ్ఞుడు చెప్పిన మోటు సూత్రాలు రెండు: గింజలో తేమ ఒక్క శాతం తగ్గిస్తే దాని ఆయువు రెట్టింపు, నిల్వ చేసే చోట వేడి 5 డిగ్రీలు తగ్గిస్తే మళ్లీ రెట్టింపు. 40 డిగ్రీల అటక మీది మూటను 25 డిగ్రీల చల్లటి మూలకు దించితే మూడు రెట్టింపులు, అంటే ఎనిమిదింతల ఆయువు. మా అవ్వ చూరు మూట ఈ పరీక్షలో నెగ్గదు. కాకపోతే ఆవిడ దాచేది ఎనిమిది నెలలకే. బూడిద కలిపి, వేపాకు వేసి, ఎండిన సొరకాయ బుర్రలో పోసి మూత బిగించే పాత పద్ధతి తేమకూ పురుగుకూ కలిపి చెప్పిన సమాధానం.

ఈ ప్రాంతంలో విత్తనాల మాట వస్తే దరిపల్లి రామయ్య గారి పేరు రాకుండా ఉండదు. ఖమ్మం రూరల్ మండలం రెడ్డిపల్లికి చెందిన ఆయన్ను లోకం వనజీవి రామయ్య అంది. కోటి మొక్కలు నాటిన మనిషిగా పేరు, 2017లో పద్మశ్రీ, 2025 ఏప్రిల్ 12న కన్నుమూత. ఇవి అందరికీ తెలిసినవే. నాకు ముఖ్యమనిపించేది ఆయన ఏడాదిని పంచుకున్న తీరు. ఎండాకాలం ఆయనకు గింజలు ఏరే కాలం. చెట్ల కింద తిరిగి గింజలు ఏరి, సంచుల్లో ఇంట్లో దాచి, భార్య జానమ్మ గారి తోడుతో వానలకు వాటిని కాలువ గట్లకూ రోడ్ల పక్కలకూ చేర్చేవారు. సైకిలు మీద తిరిగిన ఆ మనిషికి ట్యాంకర్లూ ట్రాక్టర్లూ ఎక్కడివి? గింజ జేబులో పట్టడమే ఆయన పెట్టుబడి. గింజగా నేలలో పడ్డ మొక్క ముందు వేరును లోతుకు పంపి, తర్వాత ఆకు తీస్తుంది. పాలిథిన్ సంచిలో పెరిగిన మొక్క వేరు సంచి అడుగున చుట్టలు చుట్టుకుని, నాటాక కూడా ఆ వంకర మరిచిపోదు. 2015లో మొదలైన హరితహారం లాంటి పెద్ద కార్యక్రమాల్లో మొక్క నాటిన రోజున ఫొటో దిగుతాం. ఆ మొక్కకు అసలు పరీక్ష వచ్చే ఏప్రిల్‌లో, అప్పుడు ఫొటో ఉండదు.

కోయలకు విత్తే ముందు విజ్జ పండుం అనే విత్తనాల పండుగ ఉంది. విత్తనాన్ని ఊరంతా కలిసి దేవత ముందుంచి, ఆ తర్వాతే నేలలో వేస్తారు. పండుగ కాకముందు తొందరపడి ఎవరూ విత్తకూడదన్నది దాని వెనక కట్టుబాటు. భక్తి సంగతి అలా ఉంచితే, ఇందులో నాకు కనిపించే తెలివి ఇది: ఒక మనిషి ఓపికకు హద్దుంటుంది, ఏప్రిల్‌లో ఒక్క అకాల వాన పడితే చాలు చెయ్యి ఊరుకోదు. ఆగడాన్ని ఊరుమ్మడి చేస్తే ఆగడం సులువు. మన మేడల మీద కుండీల్లో పెంచేవాళ్లకు అలాంటి కట్టుబాటు లేదు. కోరినప్పుడల్లా ప్యాకెట్ ఇంటికి వస్తుంది. వచ్చిన రోజే విత్తేస్తాం.

కాబట్టి మే నెలలో ఇంటి ముందు పువ్వు కావాలని ఎవరైనా అడిగితే నేను కొంచెం కష్టమైన జవాబే చెబుతాను. మే నెల పువ్వును మే నెలలో విత్తలేం. దాన్ని ఎన్నో ఏళ్ల కిందటే ఒక జూన్‌లో రేల గింజగా రాతి మీద రుద్ది, నానబెట్టి, గోడ పక్కన విత్తి ఉండాల్సింది. అప్పుడు విత్తకపోతే రాబోయే జూన్ ఉంది. ఈలోపు మనం చెయ్యదగ్గ పని ఒకటుంది: చెట్ల కింద గింజలు ఏరి, నీడన ఆరబెట్టి, పేరు రాసి డబ్బాలో వెయ్యడం. దానికి మాత్రం ఎండ ఎంత ఉన్నా మంచిదే.